సుగుణ ఓడిపోయిన ఆట

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మరిచిపోదామంటే సుగుణ మరిచిపోనివ్వదు. నిజం చెప్పాలంటే, ఆ మనిషితో వేగలేకే ఇది మీకు రాస్తున్నాను.

తొంభైలలో మాట. నేను మదనపల్లెలో డిగ్రీ చదివేదాన్ని. సుగుణ పుంగనూరు నుంచి రోజూ బస్సులో ఇంటర్‌కు వచ్చేది. ఇద్దరికీ చదరంగం పిచ్చి. ఉన్నది ఒక్కటే పుస్తకం, అదీ ఇంగ్లీషుది. నేను చదివి నోటితో చెబితే ఆమె పావులు పేర్చుకుని బట్టీ పట్టేది. కాగితం మీద ఏమీ రాసుకునేది కాదు. నా మాటంటే అంత గురి.

కుప్పంలో జిల్లా సెలక్షన్లు జరిగాయి. రాష్ట్ర పోటీలకు ఒక్క అమ్మాయినే పంపుతారు. చివరి రౌండుకు ముందు సుగుణ నాకంటే అర పాయింటు పైన ఉంది. ఆమె ఎదుటి పిల్ల తెల్లపావులతో ఎప్పుడూ ఒకటే ఆట ఆడేది. నాలుగు బంట్లను వరుసగా ముందుకు నెట్టి బోర్డు నడుమంతా ఆక్రమించేస్తుంది. నల్లపావులవాళ్లు ముందు క్యాస్లింగ్ చేసి రాజును మూలకు చేర్చుకోవాలి. ఆ తర్వాతే పక్కబంటుతో ఆ వరుసను కొట్టాలి. పొద్దున బస్టాండులో ఇడ్లీ తింటూ సుగుణ ఇదే అడిగింది. ముందు కొట్టేయ్, క్యాస్లింగ్ నిదానంగా చేసుకోవచ్చు అని చెప్పాను.

నోరు జారిందా? లేదు. తెలిసే చెప్పాను.

ఆమె రాజు నడుమనే చిక్కుకున్నాడు. గంటలో ఆట ముగిసింది. నేను నా ఆట గెలిచి బయటికి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"ముందు కొట్టమనే గదక్కా నువ్వు చెప్పింది?"

"యాడ చెప్పినా? ముందు క్యాస్లింగ్ చేసుకోమంటి గదా."

పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకే బుద్ధి నిలవదక్కా. నువ్వంత కష్టపడి నేర్పిస్తే ఇట్ల చేసినాను. కోపం చేసుకోవద్దక్కా."

పోనీలే అన్నాను. వింటున్నారా? నేను ఆమెను క్షమించాను! ఏ మొహం పెట్టుకుని క్షమించానో ఇప్పటికీ అర్థం కాదు.

రాష్ట్ర పోటీలకు నన్నే పంపారు. ఆ సర్టిఫికెట్ చూపించి స్పోర్ట్స్ కోటాలో బీఎడ్ సీటు తెచ్చుకున్నాను, టీచర్నయ్యాను. సుగుణ ఇంటర్‌తో ఆపేసి పుంగనూరులో జాకెట్లు కుడుతోంది. సరే, నన్ను తిట్టుకోవచ్చు కదా? తిట్టదు. అక్క మాట విని ఉంటే నేనూ టీచర్నయ్యేదాన్ని అని కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెబుతుంది. ఆ సంగతి ఎత్తొద్దని ఎన్నిసార్లు విసుక్కున్నానో! అది నా మంచితనమట. ఏం మనిషమ్మా!

పోయిన వారం మా బడిపిల్లల్ని ఆటల పోటీలకు పుంగనూరు తీసుకెళ్లినప్పుడు, వాళ్లను కూడా వదల్లేదు. పెద్దోళ్లు చెప్పింది సరిగ్గా వినండి, నా మాదిరిగా మరిచిపోయి చెడిపోవద్దండి అని బుద్ధి చెప్పింది. పక్కనే ఉన్నాను. నోటిదాకా వచ్చింది. టీ తాగి వచ్చేశాను.

ఆమెకు ఎప్పటికైనా చెబుతానా? నా మీద నాకు నమ్మకం లేదు. ఇక్కడైనా ఒకసారి ఉన్నదున్నట్టు రాయనివ్వండి. సుగుణ ఏదీ మరిచిపోలేదు. నేను చెప్పింది చెప్పినట్టే ఆడింది.