ఎడమ చేయి ఎత్తిన పిల్ల

నిన్న కర్నూలులో మా ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ పెట్టారు. కథల్నీ పద్యాల్నీ కొత్తగా ఎలా చెప్పాలో నేర్పుతారట. శిక్షకురాలు తెర మీద బొమ్మలు మారుస్తూ "కథను పిల్లలచేత వాళ్ల మాటల్లోనే ఆడించండి" అనగానే హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఆ చప్పట్లు కొట్టే అర్హత లేదు. ఛీ, అందరితోపాటు నేనూ కొట్టాను.

చాలా ఏళ్ల కిందట ఆలూరు దగ్గర బడిలో పనిచేసేటప్పుడు ఈ పద్ధతి ఎవరూ చెప్పకుండానే నాకు తట్టింది. ఎనిమిదో తరగతి వాచకంలో ఎద్దును అమ్ముకునే రైతు కథ ఒకటి ఉండేది. గైడు జవాబులు బట్టీ పట్టించి పట్టించి రోత పుట్టి, ఒకరోజు పుస్తకాలు మూయించి, కథను ఆడి చూపించమన్నాను. అందులో రైతు భార్యకు ఒక్క మాటా లేదు. చివరి బెంచీ పిల్ల ఒకతి లేచి ఆమె అయిపోయింది. ఎద్దును కొన్నవాడితో, "ఏమప్పా, ఎద్దును తోలుకోని పో. దాని గంటలు మాత్రం ఈడ ఇడిసిపో. సప్పుడు లేకుంటే నాకు నిద్ర పట్టదు" అంది. నవ్వుదామని చూస్తున్న పిల్లలు నవ్వలేదు. దాన్నే బళ్లో నాటకంగా వేయిద్దామన్నాను. ఆ పిల్లది ఏటా సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతలకు, పిల్లాపాపలతో కదిలిపోయే ఇల్లు. ఆ వారమే వాళ్లమ్మ వచ్చి, "ఇది సుగ్గికి రానంటాండాది మేడం. బళ్లో నాటకముండాదంట. మీ మాట మీద అవ్వ కాడ ఇడిసిపోతాండా" అంది. నేను పొంగిపోయి, చూసుకుంటాలేమ్మా అన్నాను.

అంతలో తనిఖీ వచ్చిపడింది. అధికారి నా క్లాసే చూస్తాడట. "తెలుగు వినపడితే మన పని అయిపాయ మేడం" అన్నాడు హెడ్మాస్టరు. సరే సార్, అన్నాను. తనిఖీలకు మా బళ్లలో ఒక దిక్కుమాలిన అలవాటుంది. ప్రశ్న అడగ్గానే అందరూ చేయి ఎత్తాలి; జవాబు వచ్చినవాళ్లు కుడిది, రానివాళ్లు ఎడమది. మేం కుడిచేతులవాళ్లనే లేపి జవాబు చెప్పిస్తాం. నాటకాన్ని గైడు ఇంగ్లీషులోకి మార్చి, నోరు తిరిగిన నలుగురికి పంచేశాను. ఆ పిల్లతో "నువ్వు ఎడమ చెయ్యి ఎత్తు, చాలు" అన్నాను, ఈ పాడు నోటితోనే.

ఆ రోజు అంతా సవ్యంగానే జరిగింది. చివర్లో అధికారి, రైతు భార్య మనసులో ఏముందో చెప్పండి అన్నాడు. క్లాసంతా చేతులు లేచాయి. ఆ పిల్ల ఎడమ చేయే ఎత్తి, నా వంకే చూస్తోంది. నేను పక్కనున్న కుడిచేతిని లేపాను. వాడు గైడు వాక్యం అప్పగించాడు. అధికారి మెచ్చి శాలువా కప్పితే, సిగ్గూ శరమూ లేకుండా కప్పించుకున్నాను.

మర్నాడు సంచి చంకలో పెట్టుకుని, కోతలకు పోయే లారీ దగ్గర నిలబడింది ఆ పిల్ల. బడికి రావా అని అడిగాను. "ఎడం సెయ్యి ఎత్తేకి ఈడ యాల ఉండల్ల మేడం?" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ అధికారి రిటైరయ్యాడు. వచ్చే ఏడు నేనూ అవుతాను. ఆ పిల్లకు మాత్రం ఎనిమిదో తరగతి మళ్లీ రాలేదు.