బట్టీ పక్కన బోర్డు

యీషున్‌లో మా బ్లాక్ కింద హాకర్ సెంటర్, వరసగా తిండి కొట్లు. టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసిన, అంటే మాదేనని ఆపుకున్న బల్ల దగ్గర కూర్చుని ఎదురింటి ఆంటీ తన ఇటలీ ఫొటోలు చూపిస్తోంది. మలేషియాలో పుట్టి, ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన తెలుగావిడ. అక్కడో ఊరు చూసి రమ్మని ఊదరగొట్టింది నేనే. "కొండమీద నా ఊరొకటుంది ఆంటీ, అది చూడకుండా రాకండి" అన్నాను. నా ఊరట! నేను పుట్టింది తెనాలి దగ్గర. పీహెచ్‌డీ కోసం ఆ కొండమీద ఎనిమిది నెలలున్నాను, అంతే.

ఆ ఊరంతటికీ ఒకటే రొట్టెల బట్టీ. ఇంటింటా పిండి పిసికి, ముద్దమీద ఎవరి గుర్తు వాళ్లు గాటు పెట్టి, చెక్కమీద పేర్చి నెత్తిన మోసుకొచ్చేవారు. కాల్చినందుకు బట్టీ ఆయన ప్రతి ముద్దలోంచీ పిడికెడు తీసుకునేవాడు. అదే ఆయన కూలి. యుద్ధం చివరి చలికాలంలో, గోధుమ లేక చెస్ట్‌నట్ పిండితో నెట్టుకొస్తున్న రోజుల్లో, రొట్టెలు చిన్నవైపోయాయి. బట్టీ ఆయన రెండు పిడికిళ్లు తీస్తున్నాడన్నారు. పనిలోంచి తీసేశారు. చచ్చేదాకా ఆ మనిషితో ఎవరూ మాట్లాడలేదు.

ఆయన కూతురింట్లోనే నేను అద్దెకున్నాను. ఎనభై దాటిన మనిషి. నేను పప్పు ఉడకేస్తుంటే గిన్నెలోకి తొంగిచూసి "ఇదేం బురద?" అని వెక్కిరించేది. నేను వచ్చేసే ముందు వారం, చెస్ట్‌నట్లు ఒలుస్తూ ఒలుస్తూ చెప్పింది.

"తీసింది మా నాన్న కాదు. నేను. ఏడేళ్లు నాకు. ఆకలి. పచ్చిపిండే మింగేదాన్ని. నాన్న చూశాడు. ఎవరికీ చెప్పలేదు."

చాకు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "నీ పుస్తకంలో రాయి. నేను బతికుండగానే రాయి. ఊరు నన్ను తిట్టాలి, ఆయన్ని కాదు."

రాస్తానన్నాను. ఒట్టేసి మరీ అన్నాను.

రాశాను కూడా. మా గైడు మనవాడే, గోదావరి వైపు మహానుభావుడు. ఆ పేజీని పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. "ఏంటమ్మా ఇది? ఒక్క ముసలావిడ చెప్తే హిస్టరీ అయిపోద్దా? సెకండ్ సోర్స్ ఏది? సబ్మిషన్ పెట్టుకుని ఈ సెంటిమెంట్లేంటి? తీసెయ్."

ఎవరూ చూడకుండా పిండి మింగిన పిల్లకి రెండో సాక్షి ఎక్కణ్ణుంచొస్తాడండీ? చూసిన ఒక్కడూ నోరు విప్పకుండానే పోయాడు. ఈ మాట ఆయన మొహంమీద అనాల్సింది. నోట్లో నాలుక లేనట్టు తలూపి తీసేశాను. 'బట్టీ మనిషి పిండి దొంగిలించాడని ఊళ్లో అంటారు' అన్న వాక్యం మాత్రం ఉండిపోయింది. దానికి సాక్షులు బోలెడుమంది మరి! డాక్టరేట్ వచ్చింది. ఆవిడకో కాపీ పంపాను, ఇంగ్లీషు రాదు కదా అన్న ధీమాతో. ఇప్పటికీ తల్చుకుంటే నామీద నాకే అసహ్యం.

"ఈ అవ్వను చూడు, ఎంత ముద్దుగా ఉందో!" ఆంటీ ఫోను నా ముందుకు తోసింది.

బాగుచేసిన బట్టీ. పక్కన మెరిసిపోతున్న బోర్డు, ఇటాలియన్‌లోనూ ఇంగ్లీషులోనూ. కరువు చలికాలంలో ఊరి పిండి దొంగిలించిన బట్టీ మనిషి కథ. అడుగున ఆధారంగా నా థీసిస్. నేను రాసిన 'అంటారు' ఎగిరిపోయింది. ఆ బోర్డు పక్కనే ఆవిడ, వేలు తన గుండెకి ఆనించుకుని నిలబడింది. తర్వాతి ఫొటోలో ఆంటీ ఆవిడ భుజంమీద చెయ్యేసి నవ్వుతోంది.

"మేం పైకి పోయేటప్పుడూ ఉంది, దిగేటప్పుడూ ఉంది. వచ్చినోళ్లందరికీ ఏందో చెప్తానే ఉంది. మాకేం తెలుస్తుంది లా? అందరం సెల్ఫీలు తీసుకున్నాం. ఇదిగో వీడియో. నీకా భాష వచ్చు కదా, ఏం చెప్తోందో చూడు."

నొక్కింది. చుట్టూ టూరిస్టుల నవ్వులు. వాటి మధ్య నాకు బాగా తెలిసిన గొంతు.

"మా నాన్న కాదు. నేను. నేను."

తల కొట్టేసినట్టయింది. ఆంటీ చెంచా పక్కన పెట్టి నా మొహంలోకే చూస్తోంది.

"ఏమందమ్మా?"

"ఫొటో బాగా తియ్యమంది ఆంటీ" అన్నాను.