ఇసకతో తోమిన రోలు

మా సారు పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను పుట్టపర్తి బస్సులో ఉన్నాను. చేసింది అమ్మ, అంటే సారు భార్య. "మీ సారు పోయినాడమ్మా. నిద్దట్లోనే పోయినాడు" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. కిటికీ బయట సోమందేపల్లె దాటాక వచ్చే బండరాళ్ల గుట్ట కనిపిస్తోంది. మేమిద్దరం సుత్తులు పట్టుకుని ఎక్కిన గుట్ట అది. బస్సులోనే ఏడ్చాను. చూసేవాళ్లు చూడనీ, నాకేం.

తొంభైల చివర్లో నేను ఆయన దగ్గర రాళ్ల మీద పరిశోధన చేశాను. సారు ఏ బండ దగ్గరికి పోయినా వెంటనే సుత్తి ఎత్తేవారు కాదు. ముందు దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరకుండేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలు ఉండేవి. తొక్కలు మాత్రం రాళ్లలో కలవకూడదని సంచికి పది బారల దూరంలో పారేసి వచ్చేవారు.

ఆ గుట్ట మీద ఒక గొర్రెల కాపరి మమ్మల్ని అడిగాడు. "ఏం సార్, ఆ రాయిలో బంగారం ఉండాదా?"

"బంగారం కాదప్పా, గడియారం ఉండాది" అన్నారు సారు.

అక్కడే కూర్చుని విడమరిచి చెప్పారు. రాయి కరిగిన ముద్దగా ఉండి చల్లబడేటప్పుడు అందులో జిర్కాన్ అనే రవ్వలు పుడతాయి. ఇసక రేణువంత ఉంటాయి. పుట్టేటప్పుడు లోపల కాస్త యురేనియాన్ని దాచుకుంటాయి, సీసాన్ని మాత్రం రానియ్యవు. ఆ యురేనియం మెల్లమెల్లగా సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది.

"అయితే దీనికెన్నేండ్లు?"

"రెండు వందల యాభై కోట్లు ఉండొచ్చు."

కాపరి బండ మీద పెట్టిన కాలు మెల్లగా తీసి కింద పెట్టాడు. "ఆయప్పకు అర్థమైనంత మనకు కాలేదమ్మా" అని సారు ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నారో.

ఆ గుట్ట రాయినే నేను ఇనుప రోట్లో దంచాను. జల్లించి, నీళ్లలో తేల్చి, చివరకు సూదిమొనతో ఒక్కొక్క రవ్వా ఏరాను. వాటిని సారు విదేశంలోని ప్రయోగశాలకు పంపారు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు ఆరు నెలలే ఉంది. ఈ నేల కింద ఇంకా పాత నేల ఉందని ఆయనకు ఏనాటి నుంచో నమ్మకం, చేతిలో సాక్ష్యం లేదు.

ఫలితాలు వచ్చాయి. సారు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. చాలా రవ్వలు అనుకున్న వయసే చెప్పాయి. నాలుగు మాత్రం మూడు వందల ఇరవై కోట్లు దాటాయి. "చూడమ్మా! ఈ రాయి కడుపులో ఇంకో ముసలిరాయి ఉండాది!" ఆ రోజు డిపార్టుమెంటంతా మైసూర్‌పాక్ పంచారు.

సాయంత్రం హాస్టల్లో కంచం తోముతుంటే నా చెయ్యి ఆగిపోయింది. మా ఊళ్లో నీళ్లకు కరువు, అంట్లకు ఇసకే సబ్బు. లాబ్‌లోనూ ట్యాంకరు రాని రోజున ఆ ఇనుప రోలును అలవాటుగా ఇసకతో తోమేశాను. గోడ కట్టడానికి పోసిన చిత్రావతి ఏటి ఇసక అది. ఏరంటే పైనున్న కొండలన్నిటి పొడీ మోసుకొచ్చేది. అందులో ఎక్కడెక్కడి జిర్కాన్లు ఉంటాయో! ఆ నాలుగు ముసలి రవ్వలూ రోటికి అంటుకున్న ఆ ఇసకవేనేమో! అయ్యో, నా చేతులు విరిగిపోనూ అని తల కొట్టుకున్నాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నాలుగో రోజు పోయి చెప్పేశాను. "సార్, రోలు ఇసకతో తోమినా."

"ఏ ఇసక?"

"చిత్రావతిది."

సారు కుర్చీలో కూలబడ్డారు. "బూడిదతో తోమింటే సరిపోయేది కదమ్మా" అన్నారు. అంతే. ముందురోజే పరిశోధన పత్రికకు పంపిన వ్యాసం వెనక్కి ఇమ్మని నా ముందే ఉత్తరం రాశారు. ఆ వ్యాసం లేకుండానే రిటైరయ్యారు.

కొన్నేళ్లకు నాకు మళ్లీ అవకాశం దొరికింది. మిగిలిన రాయిని కొత్త రోట్లో దంచి పంపాను. ఒక్క ముసలి రవ్వా లేదు. ఆ కాగితం తీసుకుని భయపడుతూ ఆయన ఇంటికి వెళ్లాను. చదివి, "ఇప్పుడు రాయి మాట తేటగా ఉండాది" అన్నారు. బల్ల మీది అద్దం కింద ఒక ఫోటో ఉంది. ఆ నాలుగు రవ్వల్లో ఒకటి.

"అదింకా ఎందుకు సార్?" అన్నాను.

"అది అబద్ధం చెప్పలేదమ్మా. దాని ఇల్లు ఏదో మనకు తెలీదు, అంతే. దాన్ని కన్న కొండ ఎన్నడో అరిగి ఏట్లో కలిసి పోయింటాది. ఇది మిగిలింది చూడు!" ఆయన కళ్లు చిన్నపిల్లవాడి కళ్లలా ఉన్నాయి.

"నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది, రెండు దినాలు. నువ్వు దాచిపెట్టి నాకు ఇంకెవురో చెప్పింటే చూడాల్సింది, నా కోపం!"

సారు పోయిన మూడో రోజు చితాభస్మం కలపడానికి చిత్రావతికి వెళ్లాం. ఏట్లో చుక్క నీరు లేదు. సారు తమ్ముడు మోకాటి లోతు చెలమ తవ్వితే అడుగున కాస్త ఊరింది. ఇత్తడి చెంబుతో ఆ బూడిద అందులో వదిలారు. సగం నీళ్లలోకి, సగం ఇసకలోకి పోయింది.

చెంబు లోపల ఇంకా బూడిద అంటుకుని ఉంది. అమ్మ గుప్పెడు ఇసక తీసుకుని దాన్ని తోమసాగింది. ఇసకతో వద్దమ్మా అనబోయి నోరు మూసుకున్నాను. తోమి, బోర్లించి తట్టి, లోపలికి ఒకసారి చూసింది. అడుగున తడిబూడిదకు అంటుకుని రెండు మూడు రవ్వలు ఎండకు మెరుస్తున్నాయి. అమ్మ వాటిని దులపలేదు. చెంబును అట్లాగే కొంగులో చుట్టుకుని గట్టెక్కింది.