ఎడమ చేయే కదా అన్నారు

ఆ రోజు పొద్దున మిషన్ మోత మారింది. మా ఇంట్లో ఎవరి గొంతు మారినా నేను పట్టించుకోను గానీ, గ్రైండర్ గొంతు మారితే మాత్రం తల ఎత్తి చూస్తాను. ఆళ్లగడ్డలో మా షెడ్డులో మా ఆయన విగ్రహాలు చెక్కుతాడు, నేను వాటికి నునుపు పడతాను. తల ఎత్తేసరికే బ్లేడు ఆయన చెక్కుతున్న అమ్మవారి విగ్రహం కుచ్చెళ్ల మడతలో ఇరుక్కుంది. మిషన్ కీచుమని ఎగిరి, ఆయన ఎడమ అరచేతిని మణికట్టు దాకా చీల్చింది. నల్లరాయి మీద రక్తం చిమ్మింది. ఆయన అరవలేదు, తన చేతిని ఎవరిదో చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు. అరిచింది నేను.

బ్లేడు చేతికి తగలకుండా కప్పే గార్డు ఒకటి ఉంటుంది. మా షెడ్డులో అది మిషన్‌కు కాకుండా గోడ మేకుకు వేలాడుతూ ఉండేది. అది ఉంటే సన్నని మడతల్లోకి బ్లేడు పోదని తీసేశారు. పైగా మిషన్‌ను ఒంటిచేత్తో పట్టి రెండో చేయి రాయి మీద ఆనిస్తారు. మా ఆయనకూ ఆయన తమ్ముడికీ అదే అలవాటు.

మా మరిది నాగరాజు పరుగెత్తుకొచ్చి గుప్పెడు రాతిపొడి తీసి గాయంలో కుక్కాడు. ఉలి తగిలి వేలు తెగినప్పుడల్లా మావాళ్లు చేసేది అదే, రక్తం కడుతుందని. ఈసారి కట్టలేదు, పొడి ఎర్రటి బురదయింది. పంచె చింపి బిగించి ఆటోలో వేసుకుపోయాం. ఆళ్లగడ్డ ఆస్పత్రిలో కట్టు కట్టి నంద్యాలకు పంపారు. అంబులెన్సులో ఆయన రాయిని తిట్టాడు, తమ్ముణ్ణి తిట్టాడు, నన్ను తిట్టాడు. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు దారికి అడ్డంగా ఉంటే నేను కిటికీలోంచి తల బయట పెట్టి తిట్టాను. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

నంద్యాలలో డాక్టరు కట్టు విప్పి, గాయంలో ఏం పోశారని అడిగాడు. చెప్పాను. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. వేళ్లను ముడిచే తాళ్లు, ఫ్లెక్సర్ టెండన్లు, తెగాయని, ఒక నర్వ్ కూడా దెబ్బతిన్నదని, ముందు డిబ్రైడ్‌మెంట్ చేసి, అంటే చెడిన కండ తీసి, పొడంతా కడిగితే గానీ కుట్టడం కుదరదని చెప్పాడు. పోతూ పోతూ, "అదృష్టం, ఎడమ చేయి. అన్నం తినడానికి, సంతకం పెట్టడానికి ఇబ్బంది లేదు" అన్నాడు.

నేనూ తల ఊపాను, భయంలో బుర్ర పనిచేయలేదు. చూడడానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే మాట. అది విన్నప్పుడల్లా మా ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. శిల్పికి కుడిచేయి సుత్తి వేస్తుంది, అంతే. ఉలి పట్టేది ఎడమ చేయి. ఎంత వాలుగా ఆనించాలో, పెదవి దగ్గర ఎక్కడ ఆగాలో దానికే తెలుసు.

కడిగినా చీము పట్టింది. జ్వరం. రెండోసారి కడిగారు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఆయన కుడిచేత్తో మంచం కడ్డీ పట్టుకుని ఊపితే పక్క మంచం వాళ్లు లేచి కూర్చునేవారు. నర్సు చేతిలోని ట్రే ఒకసారి కాలితో తన్నాడు. చేయి తీసేయాల్సి వస్తుందా అని నేను అడిగితే, డాక్టరు ఆ మాట తాను ఇంకా అనలేదన్నాడు. ఆ "ఇంకా" అన్న ముక్క పట్టుకుని రోజూ ఆయన్ను అడిగేదాన్ని.

చివరికి టెండన్లు కుట్టి, చేయి కదలకుండా పట్టీల స్ప్లింట్ వేసి ఇంటికి పంపారు. లోపలి కుట్టు అతికేదాకా స్ప్లింట్ తీయొద్దని, దేన్నీ గట్టిగా పట్టుకోవద్దని చెప్పారు.

ఆ అమ్మవారు సంజామల దగ్గర ఒక ఊరిది. కిరీటం, ఒళ్లు, సగం చీర అయ్యాయి. మొగం ఇంకా ఉత్త రాయే. మాలో మొగం చివరికి చెక్కుతారు, మొగం ఎవరు చెక్కితే విగ్రహం వాళ్లది. ఊరివాళ్లు రోజూ ఫోన్ చేస్తుంటే నాగరాజు ఎర్రమట్టి జాజు తీసుకుని మొగానికి గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన చూశాడు.

"నా అమ్మోరి మొగం మీద చెయ్యేస్తే నరుకుతా నా కొడకా."

"ఊరోళ్లు గొంతు మీద కూచున్యారు. నన్నేం చేయమంటావ్ న్నా?"

మా ఆయన స్ప్లింట్ పట్టీలు పళ్లతో లాగేసి ఉలి పట్టుకుని సుత్తి వేశాడు. ఒక్కటే దెబ్బ. ఉలి జారింది. ఆయన గొంతులోంచి వచ్చిన కేక నేనెప్పుడూ వినలేదు. మరుక్షణం సుత్తి విసిరాడు, అది నాగరాజు భుజానికి తగిలింది. వాడు ఊరుకుంటాడా, మీద పడ్డాడు. ఇద్దరూ రాతిముక్కల్లో పొర్లారు. నేనూ తక్కువ తినలేదు. నునుపు పట్టే బురదనీళ్ల బకెట్టు ఇద్దరి మీదా కుమ్మరించి, మరిది జుట్టు పట్టి వెనక్కి లాగి, మొగుణ్ణి అదే బకెట్టుతో కొట్టాను. అప్పుడు చూశాను, ఎడమ చేతి వేళ్లు వేలాడుతున్నాయి. కుట్టిన టెండన్ మళ్లీ తెగింది.

మళ్లీ నంద్యాల. డాక్టరు ఈసారి నిజంగా కోప్పడ్డాడు. ఇంకోసారి తెగితే కలపడానికి ఏమీ మిగలదన్నాడు. ఎలాగూ ఎడమ చేయే కదా, కొన్నాళ్లు దాన్ని వదిలేయడానికి ఏం బాధ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈసారి సంచిలో వేసుకొచ్చిన ఉలి తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను.

"సార్, ఈ చెయ్యి పట్టుకొనేది ఇది. కుడిచెయ్యి ఊరికే కొడతాది. ఇది పట్టకుంటే ఈయప్ప బతికినా సచ్చినట్టే."

డాక్టరు ఉలిని తిప్పి చూసి, ఎలా పడతారో చూపించమన్నాడు. నా ఎడమ చేత్తో చూపించాను. ఏ వేళ్ల మీద బరువు పడుతుందో అడిగాడు. ఫిజియోథెరపిస్టును పిలిపించాడు. "ఇది మొదటి రోజే చెప్పాల్సిందమ్మా" అన్నాడు. నిజమే. నన్ను ఎవరూ అడగలేదన్నదీ నిజమే.

ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ అంతా ఉలి చుట్టూ తిరిగింది. ముందు స్ప్లింట్‌లోనే వేళ్లు మెల్లగా కదపడం. కుట్టు గట్టిపడ్డాక ఉలి లావున చుట్టిన గుడ్డ, తర్వాత రబ్బరు గొట్టం, తర్వాత ఉత్త ఉలి. సుత్తి లేదు. కసరత్తు చేయించేటప్పుడు ఆయన నన్ను తిట్టేవాడు, నేను లెక్కపెట్టేదాన్ని. మొదట్లో ఒకరోజు నాగరాజు వాచిన భుజంతోనే ఊరివాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతుంటే మా ఆయనా నేనూ విన్నాం. "మొగం మాయన్నే చేస్తాడు. ఆగితే ఆగండి, లేకుంటే ఇంకో తావు చూసుకోండప్పా." ఆ రోజు మా ఆయన ఏడ్చాడు. అన్నదమ్ములు ఇప్పటికీ ఆ సంగతి మాట్లాడుకోరు.

ఊరివాళ్లు ఆగారు. మొగం ఆయనే చెక్కాడు, రోజుకు కాస్త కాస్త. మూతి దగ్గర ఉలి వణికితే ఆపి, బయటికి పోయి, గోడను తన్ని మళ్లీ వచ్చేవాడు. నునుపు పట్టింది నేను. అమ్మవారు ఉగ్రంగా వచ్చిందని ఊరివాళ్లు మురిసిపోయారు. రాదా మరి, ఆ రోజుల్లో ఆ షెడ్డులో శాంతంగా ఉన్నది ఎవరు?

ఇప్పుడు ఆయన పనిలోనే ఉన్నాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు పూర్తిగా ముడుచుకోవు. చలికి చేయి కొయ్యబారుతుంది. గార్డు మిషన్‌కు ఉంది, తీస్తే నేను ఊరుకోనని ఇద్దరికీ తెలుసు. మడతల్లోకి ఉలితోనే పోతారు.

తోటివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గాయంలో పొడి పోయకండి అని ఏ డాక్టరైనా చెబుతాడు, అది నేను చెప్పనక్కరలేదు. చేయి తెగితే శుభ్రమైన గుడ్డ చుట్టి పోయేటప్పుడు ఆ చేతి పనిముట్టు కూడా సంచిలో వేసుకుపోండి. ఉలో, సూదో, తాపీయో, డాక్టరు టేబుల్ మీద పెట్టి పట్టు చూపించండి. అది చూడకపోతే ఆయన అన్నం తినడం, సంతకం పెట్టడం లెక్కలోనే దాన్ని కుడతాడు.