పూర్తి కూలి

పడమటి గోడకు నీళ్లు పోయలేదన్న సంగతి నేను ఆ రోజు చెప్పలేదు. మేస్త్రీ అందరి ముందూ అడిగాడు. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. తర్వాత చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. మాట పెదవి దాకా వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాణ్ని. ఆ మాట దాచి నేను పూర్తి కూలి సంపాదించుకున్నాను. ఇంకొకాయనకు రావలసిన పూర్తి కూలి పోగొట్టాను. అంతకంటే పెద్ద అన్యాయం ఆయన భార్యకు జరిగింది. అది తెలియాలంటే ముందు మా కూలి సంగతి చెప్పాలి.

అప్పట్లో గోడలకు గిలాబు పూసే పనిలో మూడు మెట్లు ఉండేవి. సిమెంటు, ఇసుక కలిపిన ముద్దను మాలు అంటాం. అది కలిపేవాళ్లు, మోసేవాళ్లు అడుగు మెట్టు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రోజుకు ముప్పావలా. తాపీ పట్టినవాడు మొదట అర మనిషి, అతనికి రూపాయిన్నర. పూర్తి మనిషికి మూడు రూపాయలు. ఈ అర నుంచి పూర్తికి దాటడం ఏళ్ల లెక్క కాదు. పదేళ్లు చేసినా అర మనిషి అర మనిషిగానే ఉండిపోవచ్చు. దాటాలంటే మేస్త్రీ ఒక గోడ అప్పగించాలి. తూకం గుండు వేలాడదీయడం మొదలు చివరి నునుపు దాకా ఆ ఒక్కడే చేయాలి. గోడ గట్టిపడ్డాక మేస్త్రీ అందరినీ పిలిచి, తాపీ పిడితో గోడను కొట్టుకుంటూ పోతాడు. గట్టిగా పలికితే ఆ శనివారం నుంచి మూడు రూపాయలు. ఆ సంతోషంలో బొరుగులు, బెల్లం పంచాలి. డొల్లగా పలికితే ఇంకో కట్టడం వచ్చేదాకా ఆగాలి. మా సీమలో ఇంకో కట్టడం ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? వాన పడి వేరుశనగ పండితేనే ఎవరైనా ఇటుక మీద ఇటుక పెట్టేది.

ఉరవకొండలో ఒక వ్యాపారి వేరుశనగ గిడ్డంగి కట్టించాడు. ఎలుకలు తొలవకుండా గోడలన్నిటికీ సిమెంటు పూయాలన్నాడు. అక్కడే మేస్త్రీ తూర్పు గోడ నాకు అప్పగించాడు, పడమటి గోడ పామిడి నుంచి వచ్చిన ఒకాయనకు. ఆయన నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ని. నాకంటే చేయి మంచిది. ఆయన గోడకు మాలు ఆయన భార్యే కలిపేది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఆయనకు పూర్తి కూలి వస్తే ఆమె పని మానేస్తుంది. రాకపోతే పచ్చి బాలింతగానే బిడ్డను ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టి మళ్లీ పనిలోకి దిగాలి.

"ఈ గోడ ఒకటి గట్టిగా పలికితే సాలప్పా. ఇంగ ఈమెను పనికి రానీను" అనేవాడు ఆయన.

వదిన మాలు తిప్పుతూనే, "ముందు గోడను పలకనీ. నువ్వు పలికేది దినామూ వింటానే ఉండా కదా" అనేది.

ఇద్దరం ఒకే రోజు గోడలు ముగించాం. మర్నాడు ఆయన ఆమెను కాన్పుకు పుట్టింటికి తీసుకుపోతూ నా దగ్గరికి వచ్చాడు.

"గోడకు నీళ్లు పోస్తాండప్పా. నీ గోడ మాదిరే సూసుకో."

"పో అన్నా, నేనుండా కదా" అన్నాను.

సిమెంటు పూత నీళ్లు తాగితేనే గట్టిపడుతుంది. వారం రోజులైనా పొద్దునా సాయంత్రం తడపాలి. నీళ్లు దూరపు బావి నుంచి పీపాబండి మీద వచ్చేవి. ఎండలు ముదిరాయి. ఆయన వెళ్లాక పీపా సగానికే రావడం మొదలైంది.

"ఏమప్పా, మిగతాది యాడ తాగినావు?" అని బండివాణ్ని అడిగాను.

"బావిలోకి దిగి సూడు. బురద ఉండాది, కావాలంటే అది పోసుకో" అన్నాడు.

ఆ సగం పీపా నా గోడకే పోశాను. రేపు ఆయన గోడకు పోద్దాం అనుకున్నాను. మర్నాడూ అంతే వచ్చింది. పడమటి గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించాను. సాయంత్రపు ఎండకు పెనంలా కాలింది. చెయ్యి తీసేశాను. కాసేపు ఆ గోడకూ ఈ గోడకూ మధ్య తిరిగాను. చివరికి మళ్లీ నా గోడే తడిపాను. ఆ వారమంతా అదే జరిగింది. ఆయన మీద నాకు కోపం లేదు. చెరి సగం పోస్తే రెండు గోడలూ చెడతాయని నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. మేస్త్రీకి చెప్పి ఉంటే ఇంకో బండి తెప్పించేవాడేమో. చెప్పలేదు, అడిగితే ఇన్నాళ్లూ ఎవరి గోడకు పోశావంటాడని.

ఆయన తిరిగొచ్చాక మేస్త్రీ గోడలు చూశాడు. నాది ఈ మూల నుంచి ఆ మూల దాకా గట్టిగా పలికింది. పడమటి గోడ మీద వెంట్రుకల్లాంటి బీటలు. పిడితో కొడితే డొల్ల చప్పుడు. ఒకచోట పెళ్ల ఊడి ఆయన కాళ్ల దగ్గరే పడింది.

"దీనికి నీళ్లు పోసిందెవరు?" అన్నాడు మేస్త్రీ.

నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు: "ఈయప్ప పోసినాడు మేస్త్రీ. నేనే చెప్పి పోయినా. నీళ్ల తప్పు గాదు."

"నీళ్ల తప్పు గాకుంటే మాలు తప్పు. గట్టిపడిన మాలుకు మళ్లా నీళ్లు పోసి తిప్పింటాది నీ పెండ్లాం. నిండు నెలల మనిషి, కొత్తగా కలిపే ఓపిక యాడుంటాది?"

"ఇంటి మాలు కదా, అడిగేటోళ్లెవరు!" అని ఎవరో నవ్వారు.

ఆయన తల వంచుకున్నాడు. నేను బజారుకు పోయి బొరుగులు, బెల్లం తెచ్చి పంచాను. ఆయన కూడా చెయ్యి పట్టాడు.

మా పనిలో మాట మనిషికంటే ముందు నడుస్తుంది. బిడ్డనెత్తుకుని ఆమె మళ్లీ పనికి వచ్చేసరికి, గోడ చెడగొట్టిన మనిషి అన్న పేరు అన్ని చోట్లకూ చేరింది. ఎవరూ ఆమెను మాలు దగ్గరికి రానివ్వలేదు. ఎండలో నిచ్చెనలెక్కి గంప మోయడమే. ఆయన కోపం వచ్చినప్పుడు, "నీ చేతి మాలు నమ్ముకున్నందుకే నా బతుకు ఇట్లయింది" అనేవాడు. ఒకసారి నా ఎదుటే అన్నాడు. ఆమె గంప ఎత్తుకుని నిచ్చెన ఎక్కింది. నేను తాపీ కడుక్కునే నెపంతో తొట్టి దగ్గరికి పోయాను.

నా కూలి మాత్రం పెరుగుతూ పోయింది. మూడు రూపాయల మీద ఎక్కువ ఇచ్చే సిమెంటు పనులు వచ్చాయి. తర్వాత రోజుకూలి మాని, పూసిన గోడను కొలిచి చదరం లెక్కన తీసుకున్నాను. చేయి ఆడినంత సంపాదన. ఆపైన నేనే పని ఒప్పుకుని మనుషుల్ని పెట్టుకున్నాను. మేస్త్రీ అయ్యాను. అయినా ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ని. అన్నం ముందు కూర్చుని సగంలో లేచేవాణ్ని. ఎవరింటికి పోయినా మాట్లాడుతూనే వేలి కణుపుతో గోడ కొట్టి చూసేవాణ్ని. కట్టడం ముగిసిందంటే ఆ ఊళ్లో ఇంకో పూట నిలిచేవాణ్ని కాదు.

ఏళ్లు గడిచాక, సోమందేపల్లెలో రోడ్డు పక్కన పని చేయిస్తుండగా అన్న, వదిన వచ్చారు. ఆయన గడ్డం నెరిసింది.

"పని ఉండాదా మేస్త్రీ?" అన్నాడు. ఆయన నోట ఆ పిలుపు వినలేకపోయాను.

"రా అన్నా" అన్నాను.

ఆ శనివారం ఆయన చేతిలో పూర్తి కూలి పెట్టాను. దుడ్లు చూసుకుని ఆయన నా దగ్గరికి తిరిగొచ్చాడు.

"ఏమప్పా, ఎక్కువ ఇచ్చినావు."

"పూర్తి కూలి అన్నా. నీ పనికి అది తక్కువే."

"గోడ అప్పగించకుండా పూర్తి కూలి యాడన్నా ఉండాదా? ఈళ్లంతా నవ్వరా? నాకు ధర్మం దుడ్లు వద్దప్పా." సగం నా చేతిలో పెట్టేశాడు.

"ఈసారి గోడ అప్పగిస్తా" అన్నాను.

పక్కనే గంప దులుపుతున్న వదిన తల ఎత్తలేదు. "గోడ ఇస్తే మటుకు మాలు నన్ను ముట్టుకోనీకు మేస్త్రీ. మళ్లా చెడిపోతే నా మీదికే వస్తాది" అంది.

అక్కడ నిలబడలేకపోయాను. టీ అంగడి దాకా నడిచాను. టీ చెప్పి, తాగకుండానే వెనక్కి వచ్చాను. కూలి తీసుకున్నవాళ్లు మూటలు సర్దుకుని కదులుతున్నారు. అందరినీ ఆగమన్నాను. ఎందుకో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఉరవకొండలో అన్న పూసిన గోడ చెడిపోయిందని మీరంతా వినింటారు. దానికి నీళ్లు పోస్తానని చెప్పినోణ్ని నేను. పోయలే. ఉన్న నీళ్లన్నీ నా గోడకే పోసుకున్నా. మేస్త్రీ అడిగినప్పుడు నోరు మూసుకున్నా. అన్నా, నీ పని మంచిదే. నీకు రావాల్సిన కూలి నేను పోగొట్టినా. వదినా, నువ్వు కలిపిన మాలులో ఏ తప్పూ లేదు. ఇన్నేండ్లు నీ మీద పడిన మాట నా మీద పడాల్సింది. తప్పు నాదే. ఇద్దరూ నన్ను మన్నించండి."