అన్నం మీద అలిగిన మనిషి

ఎనభైల చివర్లో మా ఆయనకు షుగర్ వచ్చింది. బాయిలో, అదే గనిలో, బొగ్గు నింపే మనిషి, బండలాంటి వాడు. జబ్బు పేరు వినగానే మాత్రం ఆస్తి పోయిన జమీందారులా మంచంలో కూలబడ్డాడు. దవాఖానలో డాక్టర్ మాత్రలు రాసి, అన్నం తగ్గించమన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పక్క క్వార్టర్‌లో ఒక మహావైద్యుడున్నాడు. ఉద్యోగం ఫిట్టర్, మోటార్లకు తప్ప ఎవరికీ రిపేరు చేసి ఎరగడు.

"తగ్గించుడేంది బావా! అన్నమంటెనే చక్కెర. అన్నం, రొట్టె, ఆలుగడ్డ అన్నీ బంజెయ్యి. మటన్ తిను, గుడ్లు తిను."

డాక్టర్ మాటకన్నా మటన్ మాట మా ఆయనకు బాగా నచ్చింది.

"మరి మాత్రలో?" అన్నాను.

"అవి గూడ ఏస్కుంట. రెండు దిక్కులకెల్లి కొడితె జల్ది పోతది."

రోజూ మటన్ వండడానికి మేమేమన్నా నవాబులమా? కొన్నాళ్లకే గుడ్డుకు దిగాం. పొద్దున ఒక్క గుడ్డు తిని, మాత్ర మింగి షిఫ్టుకు పోయేవాడు. పిల్లలు పప్పన్నం కలుపుకుంటుంటే తపస్సు చేసుకునే మునిలా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. శాంతం తప్ప ముని లక్షణాలన్నీ ఉండేవి.

ఒకనాడు ఆయన్ని దవాఖానలో వేశారని కబురొచ్చింది. చెప్పులు కూడా లేకుండా ఉరికాను. బాయిలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోయాడట. నేను పోయేసరికి గ్లూకోజ్ ఎక్కుతోంది.

"షుగర్ ఎక్కువైందా సారూ?" అన్నాను ఏడుస్తూ.

"తక్కువైందమ్మా! మాత్ర వేసుకుని తిండి మానేస్తే పడిపోడా? నేను తగ్గించమన్నాను, మానమన్నానా? అంత కష్టం చేసే ఒంటికి కొంచెం అన్నమో, జొన్నరొట్టో పడాలి. పప్పు, ఆకుకూర ఎక్కువ పెట్టు. వేళకు పెట్టు."

చక్కెరను చంపబోయిన వీరుణ్ని చివరికి చక్కెరే లేపి కూర్చోబెట్టింది.

ఇంటికి రాగానే మహావైద్యుడు పరామర్శకు దిగాడు. "మొత్తానికే బంజేసినవా బావా? నేను గట్ల చెప్పిన్నా?"

మా ఆయన కోప్పడలేదు, ఓపిక లేక. నేను పాలకూర పప్పు ఎక్కువగా, అన్నం పిడికెడంత పెట్టాను. పళ్లెంలోకి చూసి, "గింతేనా?" అన్నాడు.

"గింతే."

ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. షుగర్ పోలేదు గానీ అదుపులోకి వచ్చింది, డ్యూటీకీ పోయాడు. అన్నం దగ్గర నాతో పంచాయితీ మాత్రం రోజూ ఉండేది.