రజియా తొక్కని ప్లేటు

మొన్న పాత బస్టాండు దగ్గర చెప్పు తెగితే, పెద్ద గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే ఆయన ముందు ఒంటికాలి మీద నిలబడ్డాను. సన్నగా తుంపర పడుతోంది. తడిసిన తోలు వాసన, దాని మీద ఆయన రాసిన నూనె వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నలభై దాటిన నా వయసు ఎటో పోయింది. ఎనిమిదో తరగతి పిల్లనైపోయాను. నా ఎడమ చేతికి, దానికి రెండింతలుండే, బంతి పట్టే తోలు గ్లోవు ఉన్నట్టే ఉంది. "అక్కా, అయిపోయింది" అని ఆయన రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడలేదు.

మా ఆడపిల్లల బడికి ఒక సాఫ్ట్‌బాల్ టీం ఉండేదంటే ఇప్పుడు సిద్దిపేటలో ఎవరూ నమ్మరు. బేస్‌బాల్‌కు చెల్లెలి వరసయ్యే ఆట అది. బంతిని బ్యాటుతో కొట్టి, మూడు మూలలూ చుట్టి, బయల్దేరిన చోట నేలకు సమంగా పెట్టే ప్లేటును తొక్కితే ఒక పరుగు. మా డ్రిల్లు సారు ఎక్కడో శిక్షణకు పోయి ఈ ఆటను నేర్చుకొచ్చాడు, వస్తూ వస్తూ నాలుగు గ్లోవులు, రెండు బంతులు పట్టుకొచ్చాడు. మిగతావన్నీ మా ఇళ్ళ నుంచే వచ్చాయి. మా బాపు వడ్రంగి కాబట్టి రెండు బ్యాట్లు, ఐదు మూలల చెక్క ప్లేటు చేసి దానికి తెల్లరంగు వేసిచ్చాడు. రజియా వాళ్ళ నాయిన దర్జీ, మిగిలిన గుడ్డలన్నీ పోగుచేసి తొమ్మిది అంగీలు కుట్టాడు, ఏ రెండింటి కాలరూ ఒక రంగు కాదు. నంగునూరు నుంచి ఆటోలో వచ్చే సుజాత మా కెప్టెన్, ఎందుకంటే ఆమె అరిస్తే గ్రౌండు ఆ చివర దాకా వినిపించేది.

మా టీం చరిత్రలో ఘనకార్యాలు చెప్పమంటే అన్నీ ఓటములే చెప్పాలి. మొదటి మ్యాచ్‌లో సుజాత బంతిని కొట్టి, తమ్ముళ్ళతో ఆడిన క్రికెట్ అలవాటు కొద్దీ బ్యాటు చంకలో పెట్టుకుని తిన్నగా బంతి వేసిన పిల్ల మీదికే ఉరికింది, ఆ పిల్ల జడిసి పక్కకు దుంకింది. ఇంకోసారి బంతి గోడ దాటి మక్కచేనులో పడితే రెండు టీములూ ఆట ఆపి చేనంతా గాలించాం. చేను ఆసామి తిడతాడనుకుంటే, నవ్వి, మక్కెంకులు విరిచి బొగ్గుల మీద కాల్చి పెట్టాడు. ఆ రోజు ఎన్ని పరుగులతో ఓడామో గుర్తులేదు గానీ, చిటచిట పేలిన ఆ గింజల రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మాలో నిజంగా ఆట వచ్చినది రజియా ఒక్కతే. సన్నగా, నల్లగా, గాలికి పుట్టినట్టు ఉరికేది. ఇంట్లో ఉంటే నాయిన కుట్టిన అంగీలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, బడికొస్తే పాఠాలు. కడుపునిండా ఉరకడానికి ఆమెకు దొరికిన జాగ ఆ గ్రౌండు ఒక్కటే.

రెండేళ్ళు ఆడినా ఒక్క మ్యాచ్ గెలవకపోయేసరికి పెద్ద టీచరమ్మ మమ్మల్ని వరండాలో నిలబెట్టింది. "ఈ ఆటతోని మీ చదువులు ఆగమైతున్నయ్. దసరా సెలవులైనంక మన గ్రౌండులనే మ్యాచ్ ఉన్నది కద. గది గూడ ఓడిపోతే టీం బంద్" అంది. ఆ మధ్యాహ్నం రజియా అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

దసరా నాడు మా ఇంట్లో బాపు పనిముట్లన్నీ కడిగి పీట మీద పెట్టేవారు. ఉలి, బాడిశ, రంపం, వాటి మీద బంతిపూలు, పక్కన సీతాఫలాల గంప, ఇల్లంతా రొట్టెలు నలిపి చేసే మలీద కోసం దంచిన బెల్లం వాసన. సెలవుల్లో ప్లేటు బడిలోనే ఉండాలని సారు చెప్పినా, పూజ చేయిస్తే గెలుస్తామన్న ఆశతో నేను దాన్ని దొంగతనంగా ఇంటికి తెచ్చాను. మా నాయినమ్మ నూనెలో కలిపిన పసుపుకుంకాలతో దాని నడుమ ఇంత బొట్టు పెట్టింది. రజియా అక్కడే గడప మీద కూర్చుని, నాయినమ్మ చేతిలో పెట్టిన మలీద ముద్ద తింటోంది.

"బొట్టు పెట్టినంక దీనికి కాలు తాకియ్యొద్దు బిడ్డా. మీ బాపు చేతి పని గిది" అంది నాయినమ్మ.

"తాకియ్యం నాయినమ్మా" అన్నాను, తొక్కకుండా ఆడే ఆట కాదని తెలిసి కూడా. రెండు రోజుల తర్వాత ఆ ప్లేటును తడిగుడ్డతో తుడిచి, రజియాకు "అంత పోయింది" అని చెప్పాను. నూనె చెక్కకు పట్టింది, పోలేదు. దుమ్ము పడితే కనిపించదులే అనుకున్నాను.

మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌కు రెండు టీములూ సమానంగా ఉన్నాయి. ఒక్క పరుగు వస్తే గెలిచినట్టే. రజియా మూడో మూల మీద ఉంది, సుజాత బ్యాటు పట్టుకుంది, తర్వాతి వంతు నాది కాబట్టి నేను పక్కనే నిలబడ్డాను. అప్పుడు అంపైర్ వంగి చిన్న బ్రష్షుతో ప్లేటు మీది దుమ్మంతా శుభ్రంగా ఊడ్చాడు. నడుమ ఎర్రగా, పచ్చగా బొట్టు.

సుజాత చూపంతా బంతి మీదే. ఆమె కొట్టిన దెబ్బకు బంతి గోడ దాకా పోయింది. రజియా జడలు వెనక్కి ఎగురుతుండగా వచ్చింది. ఆఖరి అడుగు వేయబోతూ కిందికి చూసింది. కాలు గాల్లోనే ఆగినట్టయి, ప్లేటు మీదుగా అటు దుంకింది. బంతి వచ్చింది, అవతలి పిల్ల దాన్ని రజియా వీపుకు తాకించింది, అంపైర్ ఔట్ అన్నాడు, అది మూడో ఔట్ కాబట్టి నా వంతు రాకుండానే మా ఆట ముగిసింది. ఆ తర్వాత ఇంకో ఇన్నింగ్స్ ఆడించారు, వాళ్ళు ఒక పరుగు తెచ్చారు, మేం తేలేకపోయాం.

"గంత పెద్ద ప్లేటు కనవడ్తలేదా నీకు?" అని సుజాత ఏడుస్తూ అరిచింది. రజియా నా వైపు ఒక్కసారి చూసి, "తొందరల చూడలే" అంది. సారు తిడతాడనీ, నాయినమ్మను అందరూ ఆడిపోసుకుంటారనీ భయపడి నేను తల వంచుకున్నాను. మర్నాడే గ్లోవులు సంచిలో కట్టి ఆఫీసు గదిలో పడేశారు. పదో తరగతి అయిపోయే దాకా అందరూ ఆమెను దుంకుడు రజియా అనే పిలిచారు.

ఇప్పుడా గ్రౌండులో సగం తరగతి గదులు, సగం బండ్లు నిలిపే జాగ. డ్రిల్లు సారు లేడు, నాయినమ్మ లేదు, మక్కచేను ఉన్న చోట ఫంక్షన్ హాలు వచ్చింది. మొన్న చెప్పు కుట్టించుకున్నాక ఇంటికి పోబుద్ధి కాలేదు, నేరుగా రజియా కుట్టు దుకాణానికి వెళ్ళాను. సుజాత అక్కడే ఉంది. "ఏమే దుంకుడు రజియా, నా జాకెట్టు అయ్యిందా?" అంటోంది. ఇంక ఆగలేక అంతా చెప్పేశాను, పూజ సంగతి, నాయినమ్మ మాట, పోని మరక.

సుజాత నన్ను చూసి, రజియాను చూసి, "నిజమేనానే?" అంది.

రజియా పళ్ళతో దారం కొరికింది. "పెద్దామె వద్దన్నది కద. ఎట్ల తొక్కుత?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఈమెను తిడ్తుంటివి. ముచ్చట పెద్దామె దాక పోతుండె."

సుజాత స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ జాగల నేనున్నా తొక్కకపోతుంటి" అంది.

నేను చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆ మ్యాచ్‌లో అంతకుముందే మా టీంకు ఒక పరుగు తెచ్చింది నేను. దుమ్ము కింద ఏముందో తెలిసి, రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను.